లువా చేతికి గంట

లువా వచ్చి నా హోటల్లో కూర్చుందంటే నిమ్మకాయల గిన్నె ఎక్కడైనా దాచెయ్యాలనిపిస్తుంది. నూడుల్స్‌లో పిండుకోవడానికని బల్ల మీద పెడతాను. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కాయల్ని ఒక్కొక్కటే సగం చుట్టు తిప్పి పెడుతుంది. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి కాయ దగ్గరికి వస్తుంది. "ఏంటే, పొదుగుతున్నావా? రేపటికి పిల్లలు దిగుతాయా?" అని నేను అరిస్తే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఐదు నిమిషాలే. ఆ చెయ్యి మళ్ళీ గిన్నెలోకి వెళ్తుంది. సంతలో మామిడిపళ్ళవాళ్ళు ఆమెని చూడగానే తట్టలు పక్కకి జరుపుకుంటారు.

నా పేరు దియెప్. కాన్ థో పట్నం వైపు వెళ్ళే పెద్ద ఏట్లో కలుస్తుంది మా కాలవ. దాని ఒడ్డున ఇరవై రెండేళ్ళుగా నూడుల్స్ వండి అమ్ముతున్నాను. లువా వాళ్ళ ఇల్లు నా వంటగది వెనకే. మధ్యలో గోడ లేదు, అరటిచెట్ల వరస ఒకటే అడ్డం. వాళ్ళింట్లో జరిగేది సగం నాకు వినిపిస్తుంది, మిగతా సగం అడిగి తెలుసుకుంటాను. అది నా గుణం, దాచుకోను.

లువా పంతొమ్మిదేళ్ళకి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మొగుడు లాన్ ఇసక పడవ మీద పనిచేస్తాడు, నెలకి రెండుసార్లు ఇల్లు చూస్తే గొప్ప. ఇంటికి అసలు మనిషి మామగారు, సావ్ ఖే. మూడు కాలవల మీద బాతులు పెంచేవాళ్ళంతా గుడ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవారు. వాటిని కరెంటు అక్కర్లేకుండా పొదిగించడం ఆయన పని. పెనం మీద వడ్లు వేడిచేసి మూటకట్టేవాడు. ఊక దట్టించిన బుట్టలో ఒక వరస వడ్ల మూట, ఒక వరస గుడ్ల మూట పేర్చి, రోజుకి నాలుగుసార్లు గుడ్లు తిప్పేవాడు. వేడి ఎంతుందో చూడటానికి గుడ్డు తీసి కనురెప్ప మీద ఆనించుకునేవాడు. రెప్ప సరే అంటే సరే. కొత్త కోడల్ని మాత్రం మూడు నెలలపాటు గుడ్డు ముట్టనివ్వలేదు. గిన్నెడు నిమ్మకాయలు ముందు పెట్టి, "కళ్ళు మూసుకుని తిప్పమ్మా. నిద్దట్లో కూడా నీ చెయ్యి ఆగకూడదు" అన్నాడట. ఆగలేదు మరి. ఇరవై ఏడేళ్ళయినా ఆగలేదు.

తర్వాత పెద్ద రోడ్డు పక్కన కరెంటు హేచరీ ఒకటి వచ్చింది. అక్కడ మీట నొక్కితే వేల గుడ్లు వాటంతట అవే తిరుగుతాయి. బాతులవాళ్ళు ఒక్కొక్కరే అటు మళ్ళారు. సావ్ ఖే బాబాయి బుట్టలన్నీ దులిపి చూరుకి వేలాడదీశాడు. లువా ఆడబిడ్డ బిన్ జువోంగ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో ఉంది. వదినకి కూడా అక్కడ చోటు మాట్లాడిపెట్టింది, చెప్పుల అడుగులకి రోజంతా జిగురు రాసే పని. ఇంటికి తాళం వేసి, ముసలాయన్ని తీసుకుని అక్కడొక అద్దె గదిలో ఉండాలి.

"గుడ్డు పొదగడం తప్ప నాకేం వచ్చక్కా?" అంది లువా ఒకరోజు నా దగ్గర. "ఈ వయసులో జిగురు రాయడం నేర్చుకోవాలా? బాతు గుడ్డు కాకపోతే ఇంకో గుడ్డు."

ఆ ఇంకో గుడ్డు జెర్రిపోతుది, విషం లేని పాము. కాలవ అవతలి ఒడ్డున తోంగ్ అనే అతను చాలాకాలంగా జెర్రిపోతులు పెంచి, కూరకని సైగాన్ నుంచి వచ్చే వ్యాపారులకి అమ్ముతున్నాడు. మూడేళ్ళ క్రితం అతని దగ్గర నాలుగు పిల్లల్ని తెచ్చుకుంది, ఒక పోతు, మూడు పెంటులు. అటవీ ఆఫీసుకి వెళ్ళి పేరు రాయించుకుంది. వాటికి కప్పలు పట్టింది, ఎలకలు పట్టింది. కప్పల బుట్ట మోసుకుని నా హోటల్ ముందు నుంచి వెళ్తుంటే నా గిరాకీలు గిన్నెలు పక్కన పెట్టేవారు. నేను తిట్టని రోజు లేదు. మూడేళ్ళకి ఒక పెంటి గుడ్లు పెట్టింది. పదకొండు.

"ఈ ఒక్క కాపూ చూస్తానక్కా," అంది. "పిల్లలు దిగితే ఇక్కడే ఉంటా. దిగలేదనుకో, మే నెలలో బస్సెక్కేస్తా. ఆడబిడ్డకి మాటిచ్చేశాను, ఇంక చోటు ఆపలేనంటోంది."

ఆమె వెళ్ళడం నాకు ఇష్టం లేదు. నోటితో మాత్రం, "పో, నా నిమ్మకాయలకి శాంతి," అన్నాను.

గుడ్లు పెట్టిన పొద్దున తోంగ్ పడవేసుకుని ఆదరాబాదరాగా వచ్చాడు. నేనూ వెళ్ళాను, ఎవరూ పిలవకపోయినా. గుడ్లు పొదిగే పాత పాకలో, రేకుల కప్పు కింద, ఉప్పుచేపలు ఊరబెట్టే పెద్ద మట్టి కాగు ఒకటి కడిగి ఎండబెట్టి ఉంచింది లువా. పక్కన ఉడకబెట్టి ఆరబెట్టిన కొబ్బరి పొట్టు బస్తా. తోంగ్ పొట్టు మీద నీళ్ళు చిలకరిస్తూ, కలుపుతూ, గుప్పెట్లోకి తీసి పిండుతూ చూశాడు.

"చూడొదినా. పిండితే చుక్క పడకూడదు. చెయ్యి తెరిస్తే ముద్ద విడిపోకూడదు. అంతే తడి."

సగం కాగు పొట్టు నింపారు. పాము గుడ్డు బాతు గుడ్డులా గట్టిగా ఉండదు, మెత్తగా, నానిన తోలులా ఉంటుంది. పెట్టిన కాసేపటికి అన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయట. తడి ఆరకముందే తోంగ్ వాటిని మెల్లగా విడదీశాడు. పైకున్న వైపు పైకే ఉంచి, పెన్సిలుతో ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేశాడు. సగం పొట్టులో మునిగేలా వరసగా పెట్టాడు. కాగు మూతికి పల్చటి గుడ్డ కట్టి, లోపలికి ఒక థర్మామీటర్ దించాడు.

"ఇరవై ఎనిమిది నుంచి ముప్పై. అంతకి మించకూడదు."

అంతసేపూ మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ముప్పై ఎనిమిది కదరా?"

"అంత పెడితే సాయంత్రానికి ఉప్పూ మిరియాలూ వేసుకుని తినెయ్యొచ్చు బాబాయ్."

"సరే. రోజుకి ఎన్నిసార్లు తిప్పాలి?"

"అస్సలు తిప్పకూడదు."

ముసలాయన స్టూలు మీంచి లేచాడు. "తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోదూ? నీకెవడు చెప్పాడ్రా?"

"పాముకి చేతులెక్కడివి బాబాయ్ తిప్పడానికి?" అన్నాడు తోంగ్. "ఇది బాతు కాదు. రెండో రోజుకల్లా లోపల పిల్ల పైకప్పుకి పట్టుకుంటుంది. గుడ్డు తిరగబడితే అది కిందికెళ్ళి ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ అంకెలు అందుకే. అంకె పైకి కనబడాలి, అంతే. అరవై, అరవై ఐదు రోజులు ఎవరూ ముట్టుకోవద్దు."

ముసలాయన మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. పాముకి చేతులుండవన్నది ఆయనకి బాగా పట్టినట్టుంది. లువా మాత్రం గట్టిగా తలూపి, తన రెండు చేతుల్నీ చంకల్లో దోపుకుంది. నేను నవ్వాను. తర్వాత గుర్తొస్తే నవ్వు రాలేదు.

మార్చి ఎండలు మొదలయ్యాయి. రేకుల పాకలో మధ్యాహ్నం నిలబడితే మాడు పగిలేది. ఒకరోజు నూడుల్స్ గిన్నె ఇద్దామని వెళ్తే పాకలో ముసలాయన కాగు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. మూతి గుడ్డ విప్పి, తల మొత్తం కాగులో పెట్టాడు. రెండు చేతులూ వీపు వెనక గట్టిగా పట్టుకున్నాడు.

"బాబాయ్! ఏం చేస్తున్నావ్?"

తల బయటికి తీశాడు. ముక్కు మీద కొబ్బరి పొట్టు. "రెప్పకి ఆనించి చూస్తున్నా. గుడ్డు పైకి తియ్యొద్దన్నాడుగా. నేనే కిందికెళ్ళా."

"మరి ఆ చేతులేంటి, పోలీసులు పట్టుకున్నట్టు?"

"యాభై ఏళ్ళు తిప్పిన చేతులమ్మా. లోపలికి పోనిస్తే ఊరుకుంటాయా?" అని, మొహం చిట్లించాడు. "థర్మామీటరు ఇరవై తొమ్మిదంటోంది. నా రెప్ప కాదంటోంది. లువాని పిలువు."

ఆయన రెప్పే గెలిచింది. థర్మామీటర్ కొస అడుగున చల్లటి తడి పొట్టులో దిగి ఉంది. గుడ్ల పక్కకి లాగి చూస్తే ముప్పై మూడు. ఇంకో రెండు రోజులు అలాగే ఉంటే ఒక్కటీ మిగిలేది కాదని తోంగ్ అన్నాడు. ముగ్గురం కలిసి కాగుని అంగుళం అంగుళం జరిపి, ఉత్తరం వైపు వాన నీళ్ళ తొట్టెల నీడలోకి చేర్చి, అడుగున నీళ్ళ పళ్ళెం పెట్టాం. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళి, తల కాగులో పెట్టి, "ఊఁ" అని వచ్చేవాడు. లువా నా దగ్గరికొచ్చి గొప్పలు పోయేది: "మా మావయ్య రెప్ప ముందు ఏ మిషనూ పనికిరాదక్కా." చూరుకి బుట్టలు ఎక్కాక ఆ మనిషి మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. నాకు చాలా సంతోషంగా ఉండేది.

ఇరవై నాలుగో రోజు వచ్చింది.

అంతకుముందు మూడు రోజులు అవతలి ఒడ్డున పెళ్ళి. మైకులు పెట్టి పాటలు పాడుతూనే ఉన్నారు, ఈ ఒడ్డున ఎవరికీ కంటి మీద కునుకు లేదు. నేను నిలబడే కునుకుతూ చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ మధ్యాహ్నం అరటిచెట్ల వెనక నుంచి లువా కేక వినపడింది. గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తాను.

కాగులో ఏడు నుంచి పదకొండు దాకా అంకెలు కనబడుతున్నాయి. మిగతా ఆరు గుడ్లూ తెల్లగా, అంకె కనబడకుండా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, వరసగా తిరగబడి ఉన్నాయి.

లువా కాగు దగ్గర్నుంచి లేచింది. గుమ్మంలో నిలబడ్డ మామగారి వైపు తిరిగింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. "మావయ్యా. మీరు తిప్పారా?"

ముసలాయన ఆమెని చూశాడు, కాగుని చూశాడు. "ఊఁ. నేనే," అన్నాడు.

ఇన్నేళ్ళలో లువా ఆయన ముందు గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"ఎన్నిసార్లు చెప్పాడు తోంగ్! మీరూ విన్నారుగా! ఇక్కడే ఉందామనే కదా మూడేళ్ళు కప్పల వెంట తిరిగాను! మీకు మాత్రం ఆ గదిలో పడుండటం ఇష్టమా? ఆ చేతుల్ని కట్టేసుకోలేకపోయారా?"

ముసలాయన తల వంచుకుని విన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. లువా కాగు పక్కనే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను, గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

తోంగ్ వచ్చి చాలాసేపు చూశాడు. "తిరిగినవి తిరిగాయి. ఇప్పుడు మళ్ళీ తిప్పితే రెండో దెబ్బ. వదిలేద్దాం వదినా. కొన్ని బతకొచ్చు. నేను మాటివ్వలేను," అన్నాడు.

లువా పాకకి తాళం వేసింది. ముసలాయన తాళం సంగతి అడగలేదు. అన్నం వెనక వసారాలో తిన్నాడు, తిన్నాడంటే తిన్నాడన్నట్టు. నా హోటల్‌కి రావడం మానేశాడు. నేనే ఆయనకిష్టమైన డబ్బా పాల కాఫీ తీసుకెళ్తే తాగలేదు, ఐసు కరిగి నీళ్ళయింది. ఎక్కడ నడిచినా చేతులు వీపు వెనకే. ఒంటరిగా ఉన్నప్పుడూ అంతే. ఆ మాట ఆయనకి అంత లోతుగా దిగింది.

నాకు మాత్రం ఏదో తేడాగా ఉండేది. కాగు ముందు ఉన్నంతసేపూ చేతులు వెనక్కి బిగించుకునే మనిషి ఆరు గుడ్లు ఎలా తిప్పాడు? అడగాల్సింది. సందు దొరికితే దూరే దాన్ని, ఆ ఒక్కసారి మాత్రం మామాకోడళ్ళ గొడవ మనకెందుకులే అనుకున్నాను. అడగాల్సిన చోట నోరు మూసుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున అరటాకులు కోసుకోడానికి వెళ్ళాను. లువా పాక తాళం తీస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి, నిద్రపోయినట్టు లేదు. నేనూ లోపలికి వెళ్ళాను. ఆమె కాగు ముందు చతికిలబడి మూతి గుడ్డ విప్పింది.

"ఆడబిడ్డ మళ్ళీ ఫోన్ చేసిందక్కా. మే నెల మొదట్లోనే రమ్మంటోంది. పాముల్ని తోంగ్ తీసుకుంటానన్నాడు. నీకు మా కుండలేవైనా కావాలా? ఊరికే పడుంటాయి..."

మాట్లాడుతోంది నన్ను చూస్తూ. కుడి చెయ్యి కాగులోకి వెళ్ళింది. ఏడో గుడ్డుని మూడు వేళ్ళతో, మెత్తగా, చాలా అందంగా పట్టుకుంది. మణికట్టు తిరగడం మొదలైంది.

"లువా! చెయ్యి!"

ఎలా అందుకున్నానో తెలియదు, ఆమె మణికట్టు నా గుప్పెట్లో ఉంది. గుడ్డు మీద ఏడో అంకె కొంచెం పక్కకి ఒరిగింది, అంతే. ఇద్దరం కలిసి ఊపిరి బిగబట్టి దాన్ని మళ్ళీ పొట్టులో సర్దాం. లువా తన చేతిని పైకెత్తి చూసుకుంది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

"ఆరు అయ్యాయి," అంది నెమ్మదిగా. "ఆగిన చోటు నుంచి ఏడు. అక్కా, నేనే."

లేచి ఇంట్లోకి పరిగెత్తింది. నేను వెనకే. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

"మావయ్యా, తిప్పింది నేను. మీకు తెలుసు కదూ?"

ఆయన తలూపాడు. "చూశాను. పెళ్ళి మైకులు ఆగిన పొద్దున. నిద్ర కళ్ళతో కూర్చున్నావు, ఆరోది నీ చేతిలో ఉంది. అరిస్తే జారవిడుస్తావని భయమేసింది. అందుకని టీ పెట్టమ్మా అని పిలిచాను. లేచొచ్చావు."

"మరి మీరే అని ఎందుకన్నారు? నేను నోటికొచ్చినట్టు అంటుంటే..."

"నీ చెయ్యే అని తెలిస్తే నువ్వింక ఏ గుడ్డూ ముట్టుకోవు. అదే సాయంత్రం బస్సెక్కేదానివి." గొంతు తగ్గించాడు. "అయినా అందులో అబద్ధం ఏముందమ్మా? ఆ చేతికి తిప్పడం నేర్పింది నేనే కదా."

నేను అక్కడ నిలబడలేక వంటగదిలోకి వెళ్ళి వాళ్ళ టీ నేనే పెట్టాను. కళ్ళు తుడుచుకుంటూ పెట్టిన టీ, చాలా చేదుగా వచ్చింది. ముగ్గురం తాగాం.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళి అటక మీద వెతికాను. మా తమ్ముడు ఒకప్పుడు సైకిల్ మీద ఐస్‌క్రీం అమ్మేవాడు, వాడి గంట ఒకటి ఉండాలి. దొరికింది. చింతపండుతో తోమి, ఎర్ర దారం కట్టి, లువా కుడి మణికట్టుకి ముడేశాను. "ఇంక తిప్పు చూద్దాం. కాలవ అవతలికి వినిపిస్తుంది."

లువా పాక తాళం తీసేసింది. ముసలాయన మంచాన్ని పాక పక్క వసారాలోకి మార్పించుకున్నాడు. లువా కాగు దగ్గరికి వెళ్ళి చెయ్యి కొంచెం కదిలితే గంట మోగేది, వసారాలోంచి "చెయ్యి!" అని కేక వచ్చేది. పొద్దున్నే "చెయ్యి!", మధ్యాహ్నం "చెయ్యి!". లువా వంటింట్లో బియ్యం కడుగుతున్నా ఆయన గంట విని "చెయ్యి!" అనేవాడు. "అన్నం వండుతున్నా మావయ్యా!" అని ఆమె అరిచేది. పిల్లలు ఐస్‌క్రీం అనుకుని పరిగెత్తుకొచ్చి తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఇంట్లో మళ్ళీ మాట వినబడుతోంది, నాకదే చాలు. ఆయన మళ్ళీ రెప్ప పరీక్షకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అయితే చేతులు మాత్రం వెనక నుంచి ముందుకి రాలేదు. లువా ఎన్నిసార్లు క్షమించమన్నా, "అలవాటైపోయిందిలే" అనేవాడు.

నలభై రోజులు దాటాక రెండు గుడ్లు పసుపెక్కి బూజు పట్టాయి. నాలుగోదీ, తొమ్మిదోదీ. ఒకటి తిరగబడింది, ఒకటి తిరగబడనిది, ఎవరినీ అనడానికి లేదు. తోంగ్ వాటిని తీసేశాడు. అరవయ్యో రోజుకి మిగతా తొమ్మిదీ సొట్టలు పడ్డాయి, గాలి పోయిన బంతుల్లా. లువా గంట మోగించుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అయిపోయిందక్కా. అన్నీ లోపలికి కుంగిపోయాయి. సంచి సర్దుకుంటా."

ఫోన్ చేస్తే తోంగ్ పకపకా నవ్వాడు. "వదినా, పిల్ల లోపల సొన అంతా తాగేస్తే గుడ్డు కుంగకుండా ఎలా ఉంటుంది? సంచి మూసెయ్. ఇంకో వారం ఆగు."

"ముందే చెప్పి చావొచ్చుగా!" అని అతన్ని తిట్టింది నేను.

అరవై ఆరో రోజు పొద్దున పది గంటలకి హోటల్ నిండా జనం. గంట మోగింది. ఆగకుండా మోగింది. గిన్నెలు జనానికి వదిలేసి పరిగెత్తాను.

కాగు ముందు మామా కోడలూ మోకాళ్ళ మీద ఉన్నారు. ఒక గుడ్డు పైన బ్లేడుతో కోసినట్టు సన్నటి గీత. అంకె లేని గుడ్డు అది, తిరగబడిన వాటిలోదే. ఆ చీలికలోంచి వేలి గోరంత ముక్కు బయటికి వచ్చింది. దాని కొసన ఒక బుడగ ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది.

"ఊపిరి," అన్నాడు ముసలాయన.

లువా మెడలోని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఊగుతోంది. నేను బయటికొచ్చి నా గిరాకీలందరితో, "దిగింది! దిగింది! ఇవాళ నూడుల్స్ ఊరికే తినండి!" అని అరిచాను. తర్వాత కొంచెం బాధపడ్డాననుకోండి, అయినా పర్వాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిదీ బయటికి వచ్చాయి. తిరగబడిన ఆరింట్లో ఐదు. ఏడో గుడ్డులోది అన్నిటికన్నా ఆలస్యంగా, బద్ధకంగా వచ్చింది. తోంగ్ లెక్కపెట్టి, "మొదటిసారికి నాకు నాలుగే దిగాయి," అని ఒప్పుకున్నాడు. లువా అక్కడే నిలబడి ఆడబిడ్డకి ఫోన్ చేసింది. "ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా," అంది.

ఫోన్ పెట్టి కాగు దగ్గరికి వచ్చి చెయ్యి లోపలికి పెట్టింది. గంట మోగింది.

"చెయ్యి!" అని ముసలాయన వెంటనే కేక వేశాడు.

"ఇంక పర్వాలేదు మావయ్యా. ఇప్పుడు ముట్టుకోవచ్చు."

ఒక పిల్లని తీసింది, చిటికెన వేలంత లావు, ఇంకా పొట్టు అంటుకునే ఉంది. ఆయన చూడటానికి ముందుకి వంగాడు, చేతులు వెనకే ఉన్నాయి. లువా ఆయన వెనక్కి వెళ్ళి, బిగించి పట్టుకున్న ఆ రెండు చేతుల్నీ విడదీసి, ముందుకి లాగింది. దోసిలి చేసి, అందులో పాముపిల్లని పెట్టింది.

అది ఒక్క క్షణం ఆయన బొటనవేలు వైపు చూసి, నోరు తెరిచి కరిచేసింది.

"కరిచిందమ్మోయ్!" అన్నాడు ముసలాయన. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.